తేడా తెలియని జంబలాయా

"ఇది కాదు, షా," అన్నాడు ఓవిడ్ గిద్రీ, చెంచా పళ్ళెం అంచుకి ఆనించి.

డాక్టర్ వకుళ ఆ మాట చాలాసార్లు విన్నది. "ఏం తక్కువైంది, మిస్టర్ ఓవిడ్?"

"అది చెప్పగలిగితే నీ దాకా ఎందుకొస్తాను? అన్నం ఉంది. కారం ఉంది. పొగ వాసన ఉంది. జంబలాయా మాత్రం లేదు."

షా అనేది అక్కడి ఫ్రెంచి యాసలో తల్లీ, బంగారూ లాంటి పిలుపు. అమెరికాకి దక్షిణపు కొసన, నేల ఎక్కడ ఆగి నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో చెప్పలేని లూసియానా చిత్తడి నేలల్లో, బయూ సెలెస్తిన్ అని ఒక చిన్న ఊరు. ఊరంతా కేజన్లు, ఎప్పుడో అక్కడ స్థిరపడ్డ ఫ్రెంచి సంతతివాళ్ళు. జంబలాయా వాళ్ళ వంట. మన పలావుకి దూరపు చుట్టమనుకోవచ్చు. పెద్ద ఇనప గుండిగలో పంది మాంసం, పొగబెట్టిన సాసేజ్ ముక్కలు ఎర్రగా వేయించి, ఉల్లిపాయ, సెలరీ, బెల్ పెప్పర్ వేసి, అందులోనే బియ్యం పోసి వండుతారు. పెళ్ళయినా అదే, చావైనా అదే. ఓవిడ్ ఆ ఊరికి పెద్ద వంటవాడు. పడవ తెడ్డంత గరిటె పట్టుకుని గుండిగ ముందు నిలబడితే, పెళ్ళికొడుకు వైపు కూడా ఎవరూ చూసేవారు కాదట.

అలాంటి ఊరి మీదికి పిడుదులు వచ్చాయి.

పశువుల చెవుల్లో పట్టుకుని రక్తం తాగే పిడుదు మనకీ తెలిసిందే. కానీ ఈ శతాబ్దం సగం దాటాక ఆ చిత్తడుల్లో పుట్టిన కొత్త రకం పిడుదు మనిషిని కుడితే, ఆ మనిషి ఒళ్ళు మాంసాన్ని శత్రువుగా లెక్కవేయడం మొదలుపెట్టేది. జంతువుల కండరాల్లో ఉండే ఒక ప్రోటీన్ కడుపులో పడితే చాలు, కొన్ని గంటల తర్వాత దద్దుర్లు, ఆ పైన గొంతు పూడుకుపోవడం. పందే కాదు, కోడీ రొయ్యా కూడా అంతే. మందు లేదు. నాలుగైదు వేసవులు గడిచేసరికి ఆ ప్రాంతంలో పిడుదు కుట్టని మనిషి అరుదైపోయాడు.

యూనివర్సిటీ ఆహార పరిశోధనశాలలో పనిచేయడానికి వచ్చిన వకుళకి కూడా వచ్చిన ఏడాదే కుట్టింది. మాంసం మానేయడం ఆమెకి పెద్ద కష్టమనిపించలేదు. ఓవిడ్ తలుపు తట్టిన రోజు దాకా అది ఇంకొకరికి కష్టమేనని కూడా ఆమెకి తట్టలేదు.

"నా భార్య ఎర్లీన్ పోయింది," అన్నాడాయన ఆ రోజు, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "సమాధి దగ్గర్నించి వచ్చినవాళ్ళకి ఏం పెట్టామో తెలుసా? సలాడ్. ఆకులు! అందరూ నిలబడి మేకల్లా నమిలి, తలొంచుకుని వెళ్ళిపోయారు. ఒక్కరు కూర్చోలేదు. ఒక్కరు ఎర్లీన్ ముచ్చట చెప్పుకోలేదు. నువ్వు చెట్ల నుంచి మాంసం చేస్తావటగా. చెయ్యి."

అప్పటికే బజారులో మొక్కల మాంసం లేకపోలేదు. బర్గర్‌లో పెట్టుకుంటే చెల్లిపోయేది. జంబలాయాలో వేస్తే, ఉడికిన అట్టముక్కలు నమిలినట్టుండేది. ఓవిడ్ వెళ్ళాక వకుళ బొబ్బర్లు నానబోసింది.

పట్టిందంటే వదిలే మనిషి కాదు. బొబ్బర్ల ప్రోటీన్‌ని పీచులా లాగింది. కొవ్వు కోసం మొక్కల నూనెలు కలిపింది. రక్తపు రుచికి ఈస్ట్‌లో పెంచిన ఇనుము ఉండే పదార్థం వాడింది. అసలు చిక్కు మరొకటుంది. అసలు దానికీ నకలు దానికీ పోలిక చూడాలంటే అసలుది తిని చూసేవాడుండాలి. ఆ రుచి తెలిసినవాళ్ళెవరూ తినలేరు. తినగలిగిన బయటివాళ్ళకి ఆ రుచి తెలియదు.

అందుకని ఆమె ఒక యంత్రం తయారుచేసింది. దాని అసలు పేరు బారెడు పొడుగు. ల్యాబ్‌లో అందరూ "ముక్కు" అనేవారు. వండుతున్న పదార్థం నుంచి లేచే ఆవిరిని పీల్చుకుని, అందులో ఏయే వాసన అణువులు ఎంతెంత ఉన్నాయో విడదీసి చెబుతుంది. గాలి చొరబడని గాజు గదిలో మరచేతులు అసలు మాంసంతో జంబలాయా వండాయి. ఓవిడ్ అద్దం ఇవతల నిలబడి మైకులో కేకలు పెట్టాడు: "కలుపు! కలపవేం! అయ్యో, దానికి చేతులున్నాయిగానీ బుర్ర లేదు!" వాసన కూడా రాని ఆ గాజు మీద అరచెయ్యి ఆనించి, గుటకలు మింగుతూ చూశాడు. ముక్కు ఆ ఆవిరినంతా పీల్చి లెక్క రాసుకుంది.

ఆ లెక్క ముందు పెట్టుకుని వకుళ తన మాంసాన్ని సరిదిద్దుతూ వచ్చింది. ఇక్కడ కాస్త గంధకం, అక్కడ కాస్త చక్కెర. చివరికి ఒకరోజు ముక్కు తెర మీద రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కలిసిపోయాయి. తేడా లేదు అంది యంత్రం. ఆ ముక్కలతో వండిన జంబలాయా తిన్నప్పుడే ఓవిడ్ "ఇది కాదు, షా" అన్నాడు.

ల్యాబ్ డైరెక్టర్ హార్లన్ విసుక్కున్నాడు. "యంత్రం సరే అంటోంది. ఆ ముసలాయన పాతకాలం తలుచుకుని మూలుగుతున్నాడు. ప్రాజెక్ట్ ముగించు, వకుళా."

"ఆయన కాదన్నంత కాలం అది కాదు," అంది వకుళ.

"ఆయనేమన్నా కొలబద్దా?"

"నాకున్న కొలబద్ద ఆయనే."

హార్లన్ సాయం చేసేవాళ్ళని వేరే పనికి మార్చేశాడు. అప్పట్నించి వంటా ఆమెదే, అంట్లూ ఆమెవే. అదే మేలైంది. ఒకరోజు సింకులో పడేసిన గుండిగ మీద నీళ్ళు పోయగానే, గీకకుండానే అద్దంలా తేలింది. వకుళ చెయ్యి ఆగిపోయింది. మాంసం వేయించిన గిన్నె ఇంత సుఖంగా వదలడం ఎక్కడైనా ఉందా? గాజు గదిలోకి వెళ్ళి, అసలు మాంసం వండిన గుండిగ చూసింది. అడుగున మరచేతులు గీకిన చారలు ఇంకా ఉన్నాయి.

ముక్కు మాంసాన్ని వాసన చూసింది. అడుగుని చూడలేదు.

అసలు సంగతి ఇదీ. పంది మాంసం ముందు ఇనుముకి అంటుకుంటుంది, మాడీ మాడకుండా ఎర్రబడుతుంది. వంటవాడు నీళ్ళు చిలకరించి, ఆ మాడు గీకి, మళ్ళీ అంటించి, మళ్ళీ గీకుతాడు. జంబలాయా గోధుమ రంగూ రుచీ ఆ గీకుడులోంచి పుడతాయి. వకుళ మాంసంలో కొవ్వు వేడి తగలగానే బయటికి కారిపోయి, అడుగు అంటనివ్వడం లేదు. లోకమంతా అంటని గిన్నెల కోసం తపించిపోతుంటే, ఆమె అంటుకునే మాంసం కోసం కూర్చుంది. సముద్రపు నాచు జిగురుతో కంటికి కనిపించనంత చిన్న బుడగలు చేసి, కొవ్వుని వాటిలో బంధించింది. ప్రోటీనూ చక్కెరా ముందు ఇనుముకి పట్టుకుని ఎర్రబడ్డాకే, ఆ బుడగలు పగిలి కొవ్వు వదిలేట్టు అమర్చింది. ఎన్నో గుండిగలు బొగ్గయ్యాయి. ల్యాబ్‌లో పొగ అలారం మోగని రోజు లేకపోయింది. ఆమె చేతులకి మచ్చలు పడ్డాయి.

తర్వాత ఓవిడ్ వచ్చి, గరిటె తానే అందుకున్నాడు. ముక్కలు అంటుకున్నాయి. గీకాడు. బియ్యం పోశాడు, మూత పెట్టాడు, తీశాడు, తిన్నాడు. ఆయన లేచి మరో పళ్ళెం వడ్డించుకుని, కుర్చీ లాక్కుని తాపీగా కూర్చున్నాడు.

"ఎర్లీన్‌కి ఉప్పు ఎక్కువ వేసే అలవాటు," అన్నాడు. "ఎంత చెప్పినా వినేది కాదు." అలా మొదలుపెట్టి, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా భార్య కబుర్లే చెప్పాడు.

ఆ శరదృతువులో చర్చి ముందు జంబలాయా పండగ మళ్ళీ జరిగింది. బోర్లించిన గుండిగలు పొయ్యెక్కాయి. చుట్టుపక్కల ఊళ్ళకీ ఆ మాంసం పాకింది. జనం భయం మర్చిపోయి తిన్నారు.

భయం మర్చిపోవడమే కొంప ముంచింది.

మరుసటి వసంతంలో ఓవిడ్ మేనల్లుడి కూతురి పెళ్ళి. పిడుదు కుట్టని ఉత్తరాది బంధువుల కోసం అసలు మాంసంతో ఒక గుండిగ, ఊరివాళ్ళ కోసం వకుళ మాంసంతో ఒకటి వండారు. ఏది ఏదో తెలిపే చీటీలు మూతల మీద అంటించారు. వడ్డించే హడావుడిలో మూతలు తారుమారయ్యాయేమోనని ఎవరికో అనుమానం వచ్చింది.

"చీటీలెందుకు, నేనుండగా?" అన్నాడు ఓవిడ్. రెండు గుండిగల మీదికీ వంగి వాసన చూశాడు. ఒకదాన్ని చూపించి, "ఆహా, ఇది అసలు పంది. మనవాళ్ళెవరూ దగ్గరికి రాకండి," అన్నాడు. రెండోదాన్ని ఇంకోసారి పీల్చి, పక్కనే ఉన్న వకుళతో మెల్లిగా, "ఇది నీదే. ఏమనుకోకు షా, ఈసారి కాస్త చప్పగా కుదిరింది," అని పళ్ళెం నిండా పెట్టుకున్నాడు.

వకుళ ఆయన ముక్కునే నమ్మింది. డాన్సులు చూడాలని పళ్ళెం ఇంకా ముట్టలేదు కాబట్టి బతికిపోయింది. సాయంత్రానికి ఓవిడ్ ఒంటినిండా దద్దుర్లు లేచాయి. పెళ్ళికూతురి తండ్రి ఆయన్ని కారులో వేసుకుని పరుగెత్తాడు. ఆయన మాట మీద ఆ గుండిగలోది తిన్న మరికొందరినీ వెనకే తీసుకెళ్ళారు. ఓవిడ్‌కి గొంతులో గొట్టం వేసి, రెండు రోజులు మిషన్ మీద ఊపిరాడించారు. అందరూ బతికారు. ఓవిడ్ మాత్రం చావు గుమ్మం దాకా వెళ్ళొచ్చాడు.

ఆరోగ్యశాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది: అసలు మాంసానికీ దీనికీ కంటికో ముక్కుకో నాలుకకో స్పష్టంగా తేడా తెలిసేదాకా అమ్మకం నిషేధం.

"ఏళ్ళ తరబడి తేడా తీసేయడానికే కదా చచ్చాను," అంది వకుళ, కాగితం హార్లన్ బల్ల మీద పడేసి. "ఇప్పుడు తేడా పెట్టాలా?"

"పోనీ వదిలేద్దామా?"

"వదలడమేమిటి? పెడతాను."

మాంసానికి నీలిరంగు వేసింది. తేడా బాగానే తెలిసిందిగానీ, పిల్లలు ఏడ్చారు, పెద్దలు పళ్ళెం తోసేశారు. కాస్త చేదు కలిపింది. అది మళ్ళీ జంబలాయా కాకుండా పోయింది. రుచిని ముట్టుకోకుండా గుర్తు పెట్టడమెలాగో పాలుపోలేదు.

ఓవిడ్ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. గొంతు పుండై, మెత్తటిదీ పల్చటిదీ తప్ప దిగడం లేదు. వకుళ ఇంట్లో చారు కాచి, మెత్తగా ఉడికించిన అన్నంలో కలిపి తీసుకెళ్ళింది. ఆయన ముఖం చూడలేక, "నన్ను క్షమించండి," అంది.

"నా ముక్కు పొగరుకి నువ్వెందుకు క్షమాపణ చెప్పడం?" అన్నాడాయన బొంగురు గొంతుతో. ఆమె తినిపించిన రెండు చెంచాలు తిని, నోట్లోంచి ఏదో తీసి వేళ్ళ మధ్య పట్టుకుని చూశాడు. "ఏమిటిది?"

"కరివేపాకు. వాసన కోసం వేస్తాం. తినేటప్పుడు తీసి పక్కన పెట్టేస్తాం."

"మేం గుండిగలో వేసే బే ఆకులాగా? ఇదింకా చిన్నది. వాసన వేరు." ఆకుని పళ్ళెం అంచున పెట్టాడు. "షా, ఇది మా దేశంలో ఇంకెవరి కూరలోనూ ఉండదు కదూ?"

వకుళ చెంచా కింద పెట్టింది. కరివేపాకులా తీసి పారేశారని ఎవర్ని గురించైనా జాలిగా చెప్పుకునే భాష ఆమెది. అదే ఆకు కోసం ఒక ఊరంతా ప్రాణాలరచేత పట్టుకుని పళ్ళెంలో వెతుక్కోవాలంటే, ఆమెకి నవ్వొచ్చింది. మర్నాడే పని మొదలుపెట్టింది. గుప్పెడు ఆకు చివర్లో వేస్తే జంబలాయా రుచి చెడలేదు, కాస్త కొత్త పరిమళం వచ్చిందంతే. చీకట్లో కూడా వాసన తెలుస్తుంది, వెలుతురులో ఆకు కనిపిస్తుంది. ఆరోగ్యశాఖ ఒప్పుకుంది. అసలు మాంసంలో ఆ ఆకు వేయకూడదని లూసియానాలో చట్టం చేశారు. వేడీ తేమా ఉన్న నేల కదా, బయూ సెలెస్తిన్‌లో ప్రతి వసారాలోనూ కరివేప మొక్క లేచింది. తల్లులు పిల్లలకి ముద్ద కంటే ముందు ఆకు చూడడం నేర్పారు.

కొన్నేళ్ళు హాయిగా గడిచాయి. ఆ ఊరి జంబలాయా పేరు దేశమంతా మోగింది. పక్క రాష్ట్రంలో పెద్ద వంటల పోటీ పెట్టి, వకుళనీ ఓవిడ్‌నీ అతిథులుగా పిలిచారు.

పందిళ్ళ మధ్య ఒక పడుచు వంటవాడు పొగలు కక్కే గుండిగ ముందు నిలబడి, జనాన్ని పిలిచి పిలిచి వడ్డిస్తున్నాడు. అన్నం మీద పచ్చగా, నిగనిగలాడుతూ కరివేపాకు. ఓవిడ్ ఆకు చూసుకుని తృప్తిగా పళ్ళెం చాపాడు.

వకుళ కన్ను పొయ్యి వెనకాల పడింది. చెక్కబల్ల మీద పంది తొడ ఉంది, సగం కోసి. ఎముకతో సహా.

ఆమె పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "బాబూ, ఇది అసలు మాంసమా?"

"ఒట్టు, అసలు సిసలు పంది! మా రాష్ట్రంలో మీ పిడుదులు లేవుగా," అన్నాడు వాడు గర్వంగా.

"మరి ఈ ఆకు?"

వాడు ఆమెకేసి వింతగా చూశాడు. "ఆకు లేకుండా జంబలాయా ఏమిటండీ? మా ముత్తాతల నాటి నుంచీ వేస్తున్నారు!"

ఓవిడ్ పళ్ళెం మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు. వకుళ మైకు ఎక్కడుందో కనుక్కుని, పిడుదు కుట్టినవాళ్ళెవరూ ఆ పందిట్లో తినొద్దని చెప్పింది. చెప్పాక ఓవిడ్ చెయ్యి పట్టుకుని కారు వైపు నడిచింది.

"ఈసారి గుర్తేం పెడతావు, షా?" అడిగాడాయన.

"తెలీదు," అంది వకుళ, నడక వేగం తగ్గించకుండా. "కానీ పెడతాను."