దీపం లేని గుమ్మం తట్టకూడదు

బంగాళాదుంపల తవ్వకం ముగిసి మూడు వారాలైంది. పొలాల్లో పనికెళ్ళిన పెద్దపిల్లలు తిరిగి బడికి పోతున్నారు. చిన్నపిల్లలు మాత్రం ఎప్పటిలాగే బుధవారం మధ్యాహ్నం ఊరి గ్రంథాలయానికి కథ వినడానికి వచ్చారు. ఆ రోజు అక్టోబరు ముప్పై ఒకటి, పిల్లలు వేషాలు కట్టే హాలోవీన్ పండగ. అందుకని వాళ్ళలో ఒక్కరూ మనిషిపిల్లలా లేరు. ఇద్దరు మంత్రగత్తెలు, ముగ్గురు దెయ్యాలు, ఒక గబ్బిలం. గోనెసంచిలోంచి తలా చేతులూ బయటపెట్టిన బుడతడు బంగాళాదుంప. అయిదేళ్ళ మాబెల్ నక్క వేషం వేసింది. తన తోక ఎవరు తొక్కినా ఊరుకోదు.

గదంతా తడి ఉన్ని వాసన, వేడి చేసిన ఆపిల్ రసం వాసన. పిల్లలకి పుస్తకాలు చదివేది ఒడీల్. పదమూడేళ్ళుగా ఆ కుర్చీ ఆమెదే. మాబెల్ అమ్మమ్మ బెర్నిస్ కిందటేడు ఈ ఊరొచ్చి, కాలక్షేపానికి అక్కడ చెయ్యి సాయం చేస్తోంది. ఆవిడ చేతికి ఎంత పని ఉంటుందో నోటికి అంతకు రెట్టింపు.

"ఏడాదికోసారైనా నువ్వూ ఓ వేషం కట్టొచ్చు కదమ్మాయ్! ఆ బూడిదరంగు స్వెటర్లో నిన్ను చూస్తే దెయ్యాలే జడుసుకుంటాయి."

"జడుసుకుని పారిపోతే మంచిదే కదా పిన్నీ. నీకు గది ఊడ్చే బాధ తప్పుతుంది," అంది ఒడీల్.

పిల్లలు నవ్వారు. ఒడీల్ కూడా నవ్వింది. ఆ నవ్వు పెదవులు దాటి లోపలికి పోయి నాలుగేళ్ళయిందని బెర్నిస్‌కి తెలియదు.

కథల బుట్టలోంచి మాబెల్ ఒక పుస్తకం లాగింది. "ఇదీ! ఇది చదువు మిస్ ఒడీల్!"

నారింజరంగు అట్ట. దాని మీద దుప్పటి కప్పుకున్న బుల్లి దెయ్యం, రాలిన ఆకులు. ఆ పుస్తకం బుట్టలో ఉండాల్సింది కాదు.

"కత్తెర కోసం నీ బల్ల సొరుగు వెతికితే అడుగున దొరికింది," అంది బెర్నిస్. "బంగారంలాంటి పుస్తకాన్ని అలా పూడ్చిపెట్టావేంటి?"

పూడ్చిపెట్టడం అన్న మాట ముల్లులా దిగింది. కానీ ఎనిమిది జతల కళ్ళు ఎదురుచూస్తున్నాయి. ఎలాగూ బొమ్మలు చూడక్కర్లేదులే అనుకుంది ఒడీల్. నిజమే, కథలు చదివేవాళ్ళు బొమ్మలు చూడరు. పుస్తకాన్ని భుజం పక్కన ఎత్తి, పేజీలు పిల్లలవైపు తిప్పి పట్టుకుంటారు. మాటలు కంఠతా వచ్చు. బొమ్మలు వినేవాళ్ళవి.

కథ చిన్నదే. చీకటంటే భయపడే దెయ్యంపిల్ల ఒకటి తన ఇల్లు వెతుక్కుంటూ ఒక వీధంతా నడుస్తుంది. పేజీకో ఇల్లు. గుమ్మంలో దీపం ఉన్న ప్రతి తలుపూ తడుతుంది. ఒక ఇంట్లో తాత ఆపిల్ ఇస్తాడు, ఇంకో ఇంట్లో పిల్లి తుమ్ముతుంది. ఒక ఇంటి ముందు మాత్రం దీపం ఉండదు. అప్పుడు అది చేతులు కట్టుకుని, "దీపం లేని గుమ్మం తట్టకూడదు" అనుకుని ముందుకి పోతుంది. ఆఖరి పేజీలో తలుపు తీసేది వాళ్ళమ్మ.

ఆ నియమం పుస్తకంలోదే కాదు, ఊరిది కూడా. హాలోవీన్ సాయంత్రం గుమ్మంలో దీపం వెలిగితే ఎవరైనా రావచ్చు, మిఠాయి అడగవచ్చు. దీపం లేకపోతే ఆ ఇంటివాళ్ళని కదపకూడదు. నడక వచ్చిన ప్రతి పిల్లకీ ఇది నేర్పుతారు. ఒడీల్ తన కూతురికి నేర్పింది ఈ పుస్తకంతోనే.

కూతురి పేరు క్లెమీ. పోయేనాటికి అయిదేళ్ళు. నాలుగేళ్ళ కిందట ఇదే రోజున జ్వరంతో పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే, నీలం గళ్ళ గుడ్డ తడిపి నుదుటి మీద వేసి, తండ్రికి అప్పగించి ఒడీల్ ఇక్కడికి ఈ కథే చదవడానికి వచ్చింది. పిల్ల ఒక కాలి సాక్సు తన్నేసింది. రెండోది కూడా తీసేసే ఓపిక లేదు పాపం. "నువ్వొచ్చాక నాకూ చదవాలి. ఆఖరి పేజీదాకా," అంది. "ఇలా వెళ్ళి అలా వస్తా," అంది తల్లి. ఇక్కడ పిల్లలు కథ అవగానే "మళ్ళీ!" అన్నారు. మళ్ళీ చదివింది. ఇంకోసారి "మళ్ళీ!" అన్నారు. అదీ చదివింది. అరగంట. ఆమె ఇల్లు చేరేసరికి అంబులెన్సు వీధి మలుపు తిరుగుతోంది. మెదడుకి పాకిన జ్వరం అన్నారు డాక్టర్లు, అరగంట ముందొచ్చినా ఏమీ చేయలేకపోయేవాళ్ళం అన్నారు. ఆ మాట ఏ తల్లి నమ్ముతుంది? ఏడాది తిరక్కముందే భర్త వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఒడీల్ గుమ్మం దీపం నుంచి బల్బు తీసేసింది. మంత్రగత్తెలూ గబ్బిలాలూ తన తలుపు తట్టి నవ్వడం ఆమె భరించలేదు.

ఇప్పుడు గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మొదటి ఇల్లు. రెండో ఇల్లు.

"మిస్ ఒడీల్," అంది మాబెల్, "ఆ అమ్మాయి ఒక కాలికే సాక్సు వేసుకుందేంటి?"

"ఏ అమ్మాయే?"

"దెయ్యం వెనకాల నిలబడిందే. తలకి నీలం గళ్ళ గుడ్డ కట్టుకుని."

ఒడీల్ పుస్తకం తన వైపు తిప్పుకుంది. వీధి, ఆకులు, దెయ్యంపిల్ల. ఇంకెవరూ లేరు. మళ్ళీ పిల్లలవైపు తిప్పింది.

"అదుగో!" అన్నాడు గబ్బిలం వేషం వాడు. "జ్వరమేమో. నాకూ మా అమ్మ అలాగే తడిగుడ్డ వేస్తుంది."

"నీళ్ళు కారుతున్నాయి," అంది బంగాళాదుంప.

పేజీ అంచున ఉన్న ఒడీల్ బొటనవేలికి తడి తగిలింది.

ఆపాల్సింది. ఆపలేదు. వేళ్ళు వాటంతటవే పేజీ తిప్పాయి. నోరు చదువుతోంది, చెవులు పిల్లల మీదే ఉన్నాయి.

"దగ్గరికొచ్చింది..."

"ఎవరిదో చెయ్యి పట్టుకుంది," అంది మాబెల్. "చెయ్యి ఒక్కటే ఉంది. మిగతాది పేజీ బయట ఉండిపోయింది."

"వాళ్ళమ్మదేమో," అన్నాడు గబ్బిలం.

"కాదు. అంత పొడుగు వేళ్ళు అమ్మలకి ఉండవు."

ఒడీల్ విన్నది. కానీ ఆమె మనసు ఒక కాలి సాక్సు దగ్గరే ఆగిపోయింది. దీపం లేని ఇంటి పేజీ వచ్చింది. ఒక్క పిల్లా కదల్లేదు. గోడ మీద, గదిని వెచ్చబెట్టే గొట్టం టక్కుమంది.

"తట్టబోయింది..." మాబెల్ గుసగుసలాడింది. "ఆగిపోయింది. ఏడుస్తోంది మిస్ ఒడీల్."

ఒడీల్ పుస్తకం మూసేసింది. "ఇవాళ్టికి చాలు."

ఆఖరి పేజీ, ఆఖరి పేజీ అని గోల. ఆమె మొహం చూసి బెర్నిస్ మారుమాట్లాడకుండా కోళ్ళని తోలినట్టు పిల్లల్ని తోలుకుపోయింది.

అయిదు దాటింది. బయట వెలుగు సన్నగిల్లి, కిటికీ అద్దం నల్లబడింది. అందులో గది కనిపిస్తోంది. కుర్చీ, ఖాళీ తివాచీ, తను. ఒడీల్ పుస్తకం తెరిచి, ఎప్పటిలాగే భుజం పక్కన ఎత్తి, బొమ్మని కిటికీ వైపు తిప్పింది. తరవాత మెల్లగా అద్దంలోకి చూసింది.

క్లెమీ.

ఆ రోజు గౌనే. మోకాలి మీద అదే గీరు. పాప నిలబడ్డ ఇల్లు పుస్తకంలోది కాదు. మూడో మెట్టు మూల విరిగింది, ఉత్తరాల డబ్బా ఎడమకి ఒరిగింది. ఒడీల్ సొంత ఇల్లు. పాప తలుపు మీదికి చెయ్యెత్తింది. తలెత్తి దీపం కోసం చూసింది. లేదు. చేతిని దించుకుంది. పెదవులు కదిలాయి. ఏమందో ఒడీల్‌కి వినక్కర్లేదు. నేర్పింది తనే కదా.

నాలుగేళ్ళు. నాలుగు హాలోవీన్లు ఆ పిల్ల ఇంటిదాకా వచ్చింది. బుద్ధిమంతురాలు కనక, అమ్మ చెప్పిన మాట జవదాటదు కనక, తట్టకుండా చలిలో తిరిగిపోయింది. లోపల తల్లి అదే పిల్ల కోసం చీకట్లో కూర్చుని ఏడుస్తూ ఉంది. ఒడీల్ గుండె బద్దలైంది. నోటికి స్వెటరు చెయ్యి అడ్డంపెట్టుకుని, ఎవరూ లేని గదిలో గొల్లున ఏడ్చింది.

కిటికీ చట్రం దగ్గర బొమ్మ తెగిపోయింది. పాప రెండో చేతిని పట్టుకున్నదెవరో ఆమె చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు.

పరుగున ఇల్లు చేరింది. వీధి పొడుగునా గుమ్మాల్లో దీపాలు, పిల్లల కేరింతలు. తన గుమ్మం ఒక్కటే ఊడిన పన్నులా నల్లగా ఉంది. ఇంట్లో అన్నీ ట్యూబులైట్లే. గుమ్మానికి సరిపోయే బల్బు ఒక్కటే ఉంది. అది ఉన్నది క్లెమీ మంచం పక్కన, చందమామ ఆకారపు దీపంలో.

ఆ గది తలుపు ఆమె నాలుగేళ్ళుగా తీయలేదు. తీసింది. దుమ్ము, పాత సబ్బు వాసన. మంచం కింద, ఆ రోజు తన్నేసిన సాక్సు. దాన్ని ముట్టుకోలేదు. బల్బు తిప్పి తీసుకుని, తలుపు తెరిచే వదిలి బయటికొచ్చింది.

మీట నొక్కితే గుమ్మంలో పచ్చటి వెలుగు పడింది. వీధి తలుపు ఓరగా ఉంచి, పైమెట్టు మీద కూర్చుని, పుస్తకం వీధివైపు తిప్పి పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి ఇల్లు. రెండో ఇల్లు.

"ఓసినీ! ఈ గుమ్మంలో దీపమే!" బెర్నిస్ గొంతు. మాబెల్ తోక ఊపుకుంటూ వచ్చి కింది మెట్టు మీద ఓ పక్కకి జరిగి కూర్చుంది, మధ్యలో చోటు వదిలి. బెర్నిస్ ఆ చోటులో కూర్చోబోయింది.

"అమ్మమ్మా, అక్కడ కాదు! ఆ పాప ఉంది."

"ముసలి ఎముకలకి ఆ మాత్రం చోటివ్వదటే?" అంటూ చెయ్యి ఆనించి, వెంటనే తీసేసింది. "ఇదేంటి, మెట్టు తడిగా ఉంది?"

ఒడీల్ మాబెల్ వైపు వంగింది. "ఎలా ఉందే... ఆ పాప?"

"చలేస్తోందిట. తలుపువైపే చూస్తోంది." మాబెల్ చెవి ఒగ్గి విన్నది. "ఏదో అడుగుతోంది. దీపం ఉంటే ఎవరైనా రావచ్చు కదా అంటోంది."

"రావచ్చమ్మా," అంది ఒడీల్, కన్నీళ్ళ మధ్య. "ఎందుకు రాకూడదు? ఎవరైనా రావచ్చు."

ఆఖరి పేజీ తిప్పింది. నాలుగేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న ఆ రెండు ముక్కలూ పైకి చదివింది. "అమ్మ తలుపు తీసి అంది, రా తల్లీ. నీ కోసమే దీపం పెట్టుకుని కూర్చున్నాను."

చెంప పక్కనుంచి చల్లటి గాలి వెళ్ళింది. తడిగుడ్డ వాసన. వెనకాల తలుపు కిర్రుమని జానెడు తెరుచుకుంది. చిన్నపిల్లకి సరిపోయేంత.

తరవాత... ఇంకా తెరుచుకుంది. మెల్లగా. గోడకి ఆనేదాకా.

మాబెల్ అమ్మమ్మ కోటులో మొహం దాచుకుంది. "ఇంటికెళ్దాం అమ్మమ్మా. ఇప్పుడే." మిఠాయి కూడా అడగలేదు. బెర్నిస్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ మనవరాలిని లాక్కుపోయింది.

ఒడీల్ పుస్తకంతో లోపలికొచ్చింది. నడవలో చీకటి. నేల మీద చిన్న తడి గుర్తులు, ఒక అడుగుకి వేళ్ళున్నాయి, రెండోదానికి లేవు. వాటి వెంట వెళ్ళింది. తెరిచి వదిలిన క్లెమీ గది తలుపు... మూసి ఉంది. దాని కింద పచ్చటి వెలుగు గీత.

చందమామ దీపం వెలుగు. ఆ దీపం బల్బు బయట గుమ్మంలో వెలుగుతోంది.

"అమ్మా..." లోపలినుంచి. అదే గొంతు, జ్వరంతో అరిగిపోయినట్టు. "మళ్ళీ..."

ఒడీల్ కిందికి చూసింది. ఆ వెలుగు గీతలో రెండు బుల్లి పాదాల నీడలు. వాటి పక్కన ఇంకో జత. పెద్దవి. సన్నగా, పొడుగ్గా. తలుపుకి మరీ దగ్గరగా.

మాబెల్ చెప్పిన వేళ్ళు ఇప్పుడు గుర్తొచ్చాయి. ఎవరైనా రావచ్చన్న తన మాట కూడా గుర్తొచ్చింది. వీధి తలుపు వెనకే ఉంది, తెరిచే ఉంది. పది అడుగులు వేస్తే వీధిలో పడొచ్చు.

"అమ్మా... మళ్ళీ చదవవా?"

మళ్ళీ అన్న ఆ ఒక్క మాటకి, ఆ రోజు పరాయి పిల్లల దగ్గర అరగంట ఉండిపోయింది. కడుపున పుట్టింది అడిగితే కాదంటుందా?

"వస్తున్నానమ్మా," అంది ఒడీల్. పుస్తకం గుండెకి హత్తుకుని తలుపు మీద చెయ్యి వేసింది.

వెలుగు గీతలో పెద్ద పాదాల నీడ పక్కకి జరిగి, ఆమెకి దారి ఇచ్చింది.