మట్టి కప్పని విత్తనాలు

2022 అక్టోబరు 9, ఆదివారం, ఉదయం పది గంటలకు విల్ఫ్ ప్రాసర్ పక్క మడిలో టామ్సిన్ బెడ్డోస్ నాటుకున్న ఫాక్స్‌గ్లోవ్, స్వీట్ విలియం పూల మొక్కలన్నీ పారతో చెక్కేశాడు. కలుపు అనుకున్నాడు.

ఇంగ్లండ్‌లోని లడ్లో ఊరి చివర అద్దె తోటల్లో ఒక అలవాటుంది. మడి మనిషి ఊళ్లో లేనప్పుడు తోటల కమిటీ తనిఖీకి వస్తుంటే, పక్కమడి వాళ్లు కలుపు తీసి పెడతారు. టామ్సిన్ తన అక్క ఇంటికి వెళ్లింది. తనిఖీ సోమవారం.

విల్ఫ్ ఉల్లి, బంగాళాదుంపల మనిషి. జూన్‌లో ఆమె తన షెడ్డు పక్క నారుమడిలో పూల విత్తనాలు చల్లుతుంటే చూశాడు.

"జూన్‌లోనా? ఆలస్యం కాలేదూ?"

"వచ్చే జూన్‌కి. తొందరగానే వేస్తున్నా."

మొదటి ఏడాది ఆకులు, రెండో ఏడాది పూలు అని ఆమె చెప్పింది. ఈ గింజలకు వెలుగు కావాలి, పైన మట్టి కప్పకూడదని కూడా చెప్పింది. ఆ పూలు కోసి సంతలో అమ్మాలని ఆమె ఆలోచన. సాగితే లడ్లోలోనే ఉంటుంది. లేదంటే దూరాన నార్తంబర్లండ్‌లో పిన్ని నర్సరీకి వెళ్లిపోతుంది. పూలు వచ్చాక మనసులో మాట చెప్పాలని విల్ఫ్ అనుకున్నాడు.

సెప్టెంబరులో అతను యాపిల్ కోతకు వెళ్లాడు. ఆమె నారు తీసి తన మడిలోనే అవతలి చివర నాటింది. ఆ సంగతి అతనికి తెలియదు.

బుధవారం ఆమె తిరిగొచ్చింది. షెడ్డు పక్కన పాత నారుమడి తడిగా ఉంది.

"వీటికి నీళ్లు పోశావా?"

"రోజూ."

"ఇది గడ్డి, విల్ఫ్."

ఆమె నవ్వింది. తర్వాత చెక్కేసిన అవతలి చివర చూసింది.

వచ్చే జూన్‌లో మళ్లీ వేద్దామన్నాడతను. అవి పూసేది ఆపై ఏడాది, అప్పటిదాకా ఏం కోసి అమ్మాలని ఆమె అడిగింది. నవంబరులో సామాను వ్యాన్ ఎక్కించింది.

"ఇంకేమైనా చెప్పాలా?"

"నీ పార నా షెడ్డులో ఉంది. తెచ్చిస్తానుండు."

తెచ్చిచ్చాడు. ఆమె వెళ్లిపోయింది.

మరుసటి జూన్‌లో ఆమె మడిని కూడా విల్ఫ్ అద్దెకు తీసుకున్నాడు. విత్తనాలు చల్లాడు. సెప్టెంబరులో యాపిల్ కోతకు వెళ్లలేదు, నారు నాటాడు. 2024 జూన్ మొదటి శనివారం ఫాక్స్‌గ్లోవ్‌లు అతని భుజం దాకా వచ్చాయి. ఆమెకు ఫోన్ చేశాడు.

"కింది గంటపూలు విచ్చాయా?"

"విచ్చాయి."

"అయితే ఇవాళే కొయ్యి. పైవి విచ్చేదాకా ఆగితే కిందివి రాలతాయి."

"టామ్సిన్, ఆ రోజు వ్యాన్ దగ్గర అడిగావే, ఇంకేమైనా చెప్పాలా అని. ఉంది."



"ఆ రోజు చెప్పి ఉంటే పూలు లేకపోయినా ఉండిపోయేదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఇక్కడ నా నేల ఉంది. పోయిన వారమే విత్తనాలు చల్లాను."

"ఎప్పుడు పూస్తాయి?"

"నీకు తెలీదా? వచ్చే జూన్."

"అప్పుడు కోతకు రానా?"

"పార తీసుకురాకు."

విల్ఫ్ రెండు బకెట్ల పూలు కోసి సంతకు పంపాడు. సాయంత్రం ఖాళీ మడిలో ఫాక్స్‌గ్లోవ్ గింజలు చల్లాడు. పైన మట్టి కప్పలేదు.