బ్రెన్నర్ దంపతుల ఫ్యామిలీ ప్లాన్

"ఆరింటికి మిలేనాని చంపేస్తారు," అన్నాడు చీఫ్ కీల్, నిన్నటి పండగలో మిగిలిన టర్కీ కోడి సాండ్‌విచ్ నములుతూ. "ఇప్పుడే వాళ్ల కాల్ ఒకటి మన చెవిన పడింది. నువ్వు చేయాల్సింది ఒక్కటే వైకాఫ్. ఆమె ఫోన్ అన్‌లాక్ చేయించడం."

ఏజెంట్ హార్లన్ వైకాఫ్ మూడు ఖండాల్లో తుపాకీ గుళ్ల మధ్య నుంచి నడిచొచ్చిన మనిషి. ఆ మాట వినేసరికి అతని మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"అంటే... కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలా సార్?"

"చేయాలి."

మిలేనా డబుల్ ఏజెంట్. ఎర్ర లిప్‌స్టిక్కు, మింక్ కోటు, ఎవరినైనా నమ్మించే నవ్వు. కార్డినల్ అనేవాడి ముఠాలో ఉంటూ వీళ్లకి కబుర్లు చేరవేసేది. ముఠా ఆదేశాలన్నీ ఒక రహస్య యాప్‌లో వస్తాయి. నిన్న కార్డినల్ తన మనుషులందరికీ కొత్త విదేశీ సిమ్ములు పంచాడు. ఆ సిమ్ ఉంటేనే ఇక యాప్ తెరుచుకుంటుంది. అందరి ఫోన్లూ దాన్ని తీసుకున్నాయి. మిలేనా ఫోన్ మాత్రం 'ఈ సిమ్ చెల్లదు' అంది. అది బ్లూ హెరాన్ వైర్‌లెస్ అనే ఫోన్ కంపెనీ వాళ్లు అమ్మినది. వాళ్ల సిమ్ తప్ప ఇంకోటి ముట్టదు. కార్డినల్‌కి అనుమానం వచ్చింది. ఆమె పారిపోతూ ఫోన్‌నీ సిమ్‌నీ డోనట్ల కొట్టు ముందున్న చెత్తడబ్బాలో మనవాళ్ల కోసం పడేసింది. ఆ పక్క వీధిలోనే దొరికిపోయింది. రేవులో ధాన్యం గోదాములు బోలెడన్ని. ఎందులో పెట్టారో ఆ యాపే చెప్పాలి.

"మనవాళ్లు తాళం బద్దలు కొట్టలేరా?"

"కొడితే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుందట. కంపెనీయే తీయాలి. కంపెనీ లాయర్లు థాంక్స్‌గివింగ్ పండగ సెలవుల్లో ఉన్నారు. కోర్టు ఆర్డరు పట్టుకెళ్లినా తీసుకునే నాథుడు లేడు. ఇక ఖాతాదారుడు అడగాలి."

"ఎవడా ఖాతాదారుడు?"

కీల్ నమలడం ఆపాడు. "టాడ్ బ్రెన్నర్."

హార్లన్ కుర్చీలో కూలబడ్డాడు. టాడ్ బ్రెన్నర్ అంటే తనే. ఆరేళ్ల కిందట ఇదే బఫలో నగరంలో వేసిన పైపుల వ్యాపారి వేషం. మిలేనా అతని దొంగ పెళ్లాం. ఆపరేషన్ ముగిశాక దొంగ పెళ్లికి దొంగ విడాకులూ అయ్యాయి. ఇద్దరి ఫోన్లనీ ఒకే ఖాతాకి కట్టేసిన ఫ్యామిలీ ప్లాన్ మాత్రం చెక్కుచెదరలేదు. ఈ దేశంలో అంతే మరి. మొగుడూ పెళ్లాలు విడిపోతే ఇల్లు పంచుకుంటారు, కుక్కని పంచుకుంటారు, ఫోన్ ప్లాన్ జోలికి మాత్రం పోరు. లాయరుకి జడవని మొనగాడు కూడా కస్టమర్ కేర్ అనేసరికి రేపు చూద్దాం అంటాడు.

"ఆమె లైను తీయించెయ్యమన్నానా లేదా?" కీల్ గద్దించాడు.

"రేపు చేద్దామనుకున్నాను సార్."

"ఆరేళ్ల నుంచీనా, దరిద్రుడా!"

హార్లన్ రేవు రోడ్డులో కారాపి, మిలేనా ఫోన్‌లో కార్డినల్ సిమ్ వేసి పక్కన పెట్టుకుని, టాడ్ మీసం అతికించుకున్నాడు. ఫోన్‌లో మీసం కనబడదు, నిజమే. కానీ అది లేకపోతే టాడ్ గొంతు అతనికి పలకదు. 'మీ కాల్ మాకెంతో విలువైనది' అంటూ యంత్రం పాట మొదలెట్టింది. బయట మంచు పడుతోంది, వెలుతురు పోతోంది, ఆ పాట అయిపోయి మళ్లీ మొదలవుతోంది. మిలేనా చచ్చిపోతుందని, దానికి తన బద్ధకమే కారణమని అతనికి అర్థమైంది.

"హలో, నా పేరు జెర్లీన్. పండగ బాగా జరిగిందా బాబూ?"

"జరిగిందమ్మా. నా భార్య ఫోన్ అన్‌లాక్ చేయాలి. ప్రాణం మీదికొచ్చింది."

"అందరూ అదే అంటారు నాయనా. మీ రహస్య ప్రశ్న చెబుతా, వినండి. మీ హనీమూన్ ఎక్కడ?"

"బెర్ముడా." ఏజెన్సీ ఫైల్లో ఉన్నదదే.

"కాదు."

"నయాగరా!" బఫలోలో పుట్టినవాడు పక్కనే ఉన్న ఆ జలపాతం కన్నా దూరం ఎందుకు పోతాడు?

"కాదండీ. ఇంకోసారి తప్పితే ఖాతా బిగుసుకుపోతుంది. సోమవారం షాపుకే రావాలి. అడుగుతున్నానని ఏమనుకోకండి, అసలు మీకు పెళ్లయిందా?"

హార్లన్ కళ్లు మూసుకున్నాడు. ఫోన్లు కొన్న రోజు షాపులో ఆ జవాబు రాసింది మిలేనా. తనకి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ రాసింది. ఏం రాసుంటుంది? బఫలో పక్కనే ఉన్న లాకవానా గుర్తొచ్చింది. మూతబడ్డ ఉక్కు మిల్లు పక్కన, మంచు తుఫానులో కూరుకుపోయిన కారు. రానే రాని శత్రువు కోసం కాపలా. ఇద్దరికీ కలిపి ఒకే దుప్పటి, ఒక వేరుసెనగల పొట్లం. "ఇదేనేమో మన హనీమూన్," అంది మిలేనా. దానికి బదులేం చెప్పాలో ఫైల్లో లేదు కాబట్టి అతను వేరుసెనగలు ఒలిచాడు.

"లాకవానా," అన్నాడు. గొంతు టాడ్‌ది కాదు. మీసం ఊడి ఒళ్లో పడింది.

"లాకవానాలో హనీమూనా! మంచి మొగుడే దొరికాడు ఆవిడకి. సరే, జవాబు సరిపోయింది. అన్‌లాక్ పెట్టాను. రెండ్రోజుల్లో అయిపోతుంది."

"రెండ్రోజులా?" ఉన్న కాస్త ఆశా చచ్చిపోయింది. "అమ్మా, ఆరింటికి ఆమెని చంపేస్తారు. నాకు ఆమె తప్ప ఎవరూ లేరు."



"పొద్దస్తమానం అబద్ధాలు వినే ఉద్యోగం నాది. ఇది అబద్ధంలా లేదు. మా సూపర్‌వైజరు టర్కీ తిని గుర్రు పెడుతున్నాడు, ఆయన నొక్కాల్సింది నేనే నొక్కేస్తున్నా. ఫోన్ ఆపి మళ్లీ పెట్టండి."

పెట్టాడు. 'ఈ సిమ్ చెల్లదు.' మళ్లీ ఆపి, మళ్లీ పెట్టాడు. యాప్ తెరుచుకుంది. 'నాలుగో గోదాము. పై అంతస్తు.'

చీఫ్‌కి ఆ మాట చెబుతూనే పరిగెత్తాడు. నాలుగో గోదాము పై అంతస్తు తలుపు తన్నేసరికి కార్డినల్ తుపాకీ మిలేనా కణతకి ఆనించి ఉంది, వేలు బిగుస్తోంది. ముందు పేలింది హార్లన్ తుపాకీ. కార్డినల్ ధాన్యం గుట్ట మీద వెల్లకిలా పడ్డాడు. కింద నుంచి మనవాళ్ల బూట్ల చప్పుడు వినిపించింది.

"ఇంతసేపా?" అంది మిలేనా, కట్లు విప్పుతుంటే.

"లైన్లో ఉండమన్నారు."

"ప్రశ్న అడిగారా?"

"అడిగారు. చెప్పాను. మూడోసారికి."

"మూడోసారికా!" అని భుజం మీద ఒక్కటిచ్చి, అదే భుజం మీద తలపెట్టి భోరున ఏడ్చింది.

హార్లన్ జేబులో ఆమె ఫోన్ గణగణలాడింది, బ్లూ హెరాన్ వాళ్ల మెయిల్. కన్నీళ్ల మధ్య నుంచే పైకి చదివింది: "మీరు మమ్మల్ని వదిలి వెళ్తున్నందుకు విచారిస్తున్నాం. ఈ లైనును ఫ్యామిలీ ప్లాన్ నుంచి తొలగించాలంటే ఖాతాదారుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలి."

చదివి, అతని మొహంలోకి చూసింది.

"రేపు చూద్దాం," అన్నాడు హార్లన్.