విల్ఫ్రెడ్ హార్‌గ్రేవ్ ఓటు

విల్ఫ్రెడ్ హార్‌గ్రేవ్ సొంత కొడుక్కి వ్యతిరేకంగా ఓటు వేశాడు. బ్రాక్స్‌డెన్ పట్టణంలో ఈ మాట వినని వారు లేరు, నమ్మని వారు అసలే లేరు. మిల్‌గేట్ వార్డులో కౌన్సిలర్ పదవికి నిలబడ్డ కొడుకు డంకన్‌కు ఎనిమిది వందల పదకొండు ఓట్లు వచ్చాయి. షీలా క్రాస్లీకి ఎనిమిది వందల పన్నెండు. ఆ ఒక్క ఓటు ఎవరిదో తేల్చడానికి ఎవరికీ సాక్ష్యం అవసరం కాలేదు. పెద్దాయన పోలింగు కేంద్రంలో షీలా పేరు పక్కన గుర్తు పెడుతుంటే కళ్లారా చూశామన్నవారు వీధికి ఇద్దరు చొప్పున తేలారు. నిజానికి తుంటి ఆపరేషన్ అయిన విల్ఫ్రెడ్ ఆ రోజు ఇల్లు కదలలేదు. తన ఓటును వారం ముందే పోస్టులో పంపేశాడు.

నమ్మడానికి వాళ్లకు ఒక కారణం మాత్రం ఉంది. బడి పక్కన లేచిన సెల్ టవర్ వల్ల ముగ్గురు పిల్లలకు ముక్కులోంచి రక్తం కారిందని డంకన్ కరపత్రం అచ్చేయించి ఇంటింటికీ పంచాడు. చేపల వేపుడు కొట్టు దగ్గర వరసలో నిలబడి ఆ కరపత్రం చదివిన విల్ఫ్రెడ్, "ఆ టవర్‌కి ఇంకా కరెంటే ఇవ్వలేదు కదా" అన్నాడు. వరస మొత్తం నవ్వింది. ఆ నవ్వు సాయంత్రానికల్లా వార్డంతా పాకింది.

గురువారం ఎన్నిక, శుక్రవారం పగలు లెక్కింపు. శనివారం సాయంత్రం విల్ఫ్రెడ్ కొడుకూ కోడలితో కలిసి ఇంట్లో భోజనం చేస్తుండగా ముందు గది కిటికీలోంచి ఇటుక వచ్చి పడింది. ఆదివారం పబ్బులో డంకన్, తన తరఫున వార్డంతా ప్రచారం చేసిన గ్యారీ టాటర్సల్ రెండు పళ్లు రాలగొట్టాడు. గ్యారీ చేసిన నేరం, విల్ఫ్రెడ్‌ను ద్రోహి అనడం. ఆ మాట నిజమేనని డంకన్ కూడా నమ్ముతున్నాడు. బహుశా అందుకే అంత గట్టిగా కొట్టాడు.

సోమవారం పొద్దున వంటింట్లో అన్నీ మామూలుగానే ఉన్నట్టు కనిపించాయి. డంకన్ భార్య లోర్నా టీ కాచింది. పగిలిన కిటికీకి చెక్క కొట్టడం వల్ల ముందు గదిలో పగలే దీపం వెలుగుతోంది. విల్ఫ్రెడ్ చేతికర్రను మోకాళ్ల మీద పెట్టుకుని పత్రికలో గళ్లనుడి పూరిస్తున్నాడు. డంకన్ వాచిన పిడికిలిని చల్లటి గుడ్డలో చుట్టి, తెగిన పెదవితో టీ తాగలేక కప్పును చూస్తూ కూర్చున్నాడు.

వీధి తలుపుకున్న ఉత్తరాల రంధ్రం టపుక్కుమంది. లోర్నా వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. తలుపు దగ్గర ఆమె చేతిలోంచి జారిన పొట్లం, డంకన్ కరపత్రంలో చుట్టిన చచ్చిన ఎలుక. డంకన్ నవ్వుతున్న ఫొటో మీదుగా దాని తోక వేలాడుతోంది.

విల్ఫ్రెడ్ కుంటుతూ వెళ్లి పొయ్యి పటకారుతో దాన్ని ఎత్తాడు. "ఎలుకల మందు తిని చచ్చింది. కొట్టి చంపింది కాదు" అన్నాడు పరీక్షగా చూసి. "చేతులు కడుక్కో తల్లీ."

"నీకు ఇది కూడా ప్రయోగశాలే" అన్నాడు డంకన్.

"చూసిందే చెప్పానురా."

"అయితే ఇంకొకటి కూడా చెప్పు. ఒక్కటే. ఎవరికి వేశావు?"

విల్ఫ్రెడ్ ఎలుకను చెత్తబుట్టలో పడేసి, పటకారు కడిగి, తువ్వాలుతో తుడిచాడు. "ఆ ప్రశ్న నువ్వు అడగకూడదు."

"నీకోసం మనిషి పళ్లు రాలగొట్టాను నాన్నా."

"నేను కొట్టమన్నానా? నన్ను అడిగితే గ్యారీని టీకి పిలిచేవాణ్ణి."

"పిలిచి కరెంటు పాఠం చెప్పేవాడివి."

"చెప్పాల్సిన పాఠమే. కరెంటు లేని ఇనుప స్తంభం పిల్లల ముక్కుల్లోంచి రక్తం కారేలా చెయ్యదు. అచ్చేయించక ముందు నాకు చూపించి ఉంటే ఇంట్లోనే చెప్పేవాణ్ణి."

"ఇంట్లో చెప్పేవాడివా? పదకొండేళ్లప్పుడు నేను గీసిన ఓడ బొమ్మను మా టీచరు ముందు మునిగిపోతుందన్నావు. నీకు నేనెప్పుడూ తప్పు కొలతే. మొన్న ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కళ్లు మూసుకుని నా పక్కన ఉండలేకపోయావు."

"ఉన్నానో లేదో నీకెలా తెలుసు?"

"ఊరందరికీ తెలుసు."

"టవర్ వల్ల రక్తం కారుతుందని కూడా మొన్నటిదాకా ఊరందరికీ తెలుసు" అన్నాడు విల్ఫ్రెడ్ మెల్లగా.

డంకన్ చెయ్యి బల్ల మీదుగా ఒక్క విసురు విసిరింది. టీ కూజా గోడకు తగిలి పగిలింది. వేడి టీ లోర్నా కాళ్ల మీద చిందింది. ఆమె కేక పూర్తయ్యేలోపే అతడు తండ్రి చొక్కా మెడ పట్టుకున్నాడు. "చెప్పు. షీలాకు వేశానని నా మొహం మీద చెప్పు." ఒకసారి ఊపాడు, రెండోసారి ఊపాడు. మూడోసారి డంకన్ తోసి వదిలేశాడు. కొత్త తుంటి ఆ బరువు ఆపలేకపోయింది. విల్ఫ్రెడ్ పక్కకు ఒరిగి, ఇనుప పొయ్యి అంచుకు నుదురు కొట్టుకుని కింద పడ్డాడు. రక్తం కంట్లోకి, అక్కడినుంచి చెవి వెనక్కి కారింది.

డంకన్ అప్పటికే కింద పడిన చేతికర్ర అందుకున్నాడు. ఎందుకు అందుకున్నాడో తర్వాత ఎన్నడూ చెప్పలేకపోయాడు. కర్ర పైకి లేచింది. లోర్నా రెండు చేతులతో దాన్ని పట్టి లాగింది.

"నీకే వేశాడు" అంది. "విన్నావా? నీకే వేశాడు. నేను చూశాను."

కర్ర ఆమె చేతిలోకి వచ్చేసింది. ఆమె దాన్ని గది అవతలికి విసిరి, మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాలు మడిచి ముసలాయన నుదుటికి అదిమింది.

"శుక్రవారం షీలా మనిషిని గుద్దావని నిన్ను లెక్కింపు హాల్లోంచి గెంటేశారు కదా. బయట కార్ల మధ్య నువ్వు బూతులు తిడుతుంటే, లోపల నీ ఎన్నికల ఏజెంటుగా నేనొక్కదాన్నే ఉన్నాను. చెల్లని ఓట్లు ఏజెంట్లకు చూపించారు. ఆరు. ఓటు వేసిందెవరో తెలిసిపోయే గుర్తు ఉంటే ఆ కాగితం చెల్లదు. అందులో ఒకదాని మీద సంతకం ఉంది. పన్నెండేళ్లుగా ఆ సంతకం చూస్తున్నాను డంకన్. పాలవాడికి పెట్టే చీటీ మీద కూడా ఉంటుంది."

విల్ఫ్రెడ్ తువ్వాలు కింద నుంచి ఒక కన్ను తెరిచాడు. "రెండు కాగితాలు వచ్చాయి పోస్టులో" అన్నాడు. "ఒకదాని మీద సంతకం చెయ్యమని ఉంది."

"అవును. రెండోది ఓటు కాగితం. దాని మీద కాదు విల్ఫ్."

ఆయన బాయిలర్ల తనిఖీ అధికారిగా ముప్పై ఏడేళ్లు పనిచేసి, సంతకం లేని కాగితానికి విలువ లేదని ఎంతోమంది కుర్రాళ్లకు నేర్పిన మనిషి.

"సూచనలు పూర్తిగా చదవలేదన్నమాట" అన్నాడు. "నేను."

"అందుకే చెప్పలేదు" అంది లోర్నా ఏడుస్తూ. "పైగా లెక్కింపులో చూసింది బయటపెడితే నాకు జైలు."

డంకన్ వచ్చి ఆమె చేతి కింది నుంచి తువ్వాలు అందుకున్నాడు. అతడి వాచిన పిడికిలి తండ్రి రక్తంతో తడిసింది. "మరి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"అడగాల్సి వచ్చిందే నీకు. అది బాధేసింది."

"ఆ ఓటు లెక్కకు వచ్చి ఉంటే షీలా, నేను సమానం."

"సమానమైతే చీటీ తీస్తారు. సగానికి సగం అవకాశం. గెలిచేవాడివని చెప్పలేం అబ్బాయ్."

డంకన్ నవ్వబోయాడు. అతడు తండ్రి భుజంలో తల దూర్చి, ఓడిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. విల్ఫ్రెడ్ అతడి వీపు మీద చెయ్యి వేశాడు.

"ఊళ్లో అందరికీ చెప్తాను" అన్నాడు డంకన్.

"చెప్పవు. లోర్నాను ఇరికించేంత విలువైనది కాదు నా పరువు. వాళ్లు ఏమనుకుంటే అనుకోనీ. నీకు తెలిసింది, చాలు."

ఆసుపత్రిలో తొమ్మిది కుట్లు పడ్డాయి. ఎలా పడ్డారని నర్సు అడిగితే, కాలు జారిందని విల్ఫ్రెడ్ మొదలుపెట్టాడు.

"కాదు" అన్నాడు డంకన్. "నేను తోశాను. రాసుకోండి."

నర్సు అతడి ముఖంలోకి ఒకసారి చూసి, రాసుకుంది.

ఊరు మాత్రం ఇప్పటికీ ఆ పాత మాటే అంటుంది. ఎదురు చెప్పేవారు ఎవరూ లేరు. మిల్‌గేట్ వార్డులో చెల్లకుండా పోయిన ఓట్లు ఆరు. కౌన్సిల్ వారి సీలు వేసిన సంచిలో ఉన్న ఆ ఆరింటిలో ఒకదానిపై డంకన్ హార్‌గ్రేవ్ పేరు పక్కన ఇంటూ గుర్తు ఉంది. దాని కింద, నీలి సిరాతో, తేదీతో సహా, అతడి తండ్రి సంతకం ఉంది.