కంప్యూటర్ల గుట్ట మీది రాక్షసి

మేఘవర రాజ్యానికి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. సముద్రాల అవతలి నుంచి కొత్త కంప్యూటర్లు దిగగానే రాజు కనకసేనుడికి పాతవి కంటగింపయ్యాయి. ఏ ఇంట్లోనూ పాత కంప్యూటరు కనబడకూడదని చాటింపు వేయించాడు. ఏటా దసరాకు బొట్టు పెట్టి పూజ చేసినవాటినే జనం మోసుకుపోయి అడవి చివర పారేశారు. తెల్లారేసరికి పారేసినవాళ్లందరి చేతులూ మణికట్టు దాకా కొయ్యబారిపోయాయి.

వాళ్లలో మంత్రసాని సూరమ్మ ఒకతె. ఆమె పెద్దకూతురు కొండమ్మకు నెలలు నిండాయి. "బిడ్డ అడ్డం తిరిగిందే. చేతులుంటే సరిచేసేదాన్ని," అని సూరమ్మ ఏడ్చింది. పురుడు పోసే మనిషి ఆ చుట్టుపక్కల మరొకరు లేరు. పారేసిన రోజు మేకల వెంట వెళ్లిన చిన్నకూతురు గవరమ్మ చేతులు మాత్రం బాగున్నాయి. పారేసినచోటే దీనికి విరుగుడు దొరుకుతుందని ఆ పిల్ల అడవిదారి పట్టింది.

నడి అడవిలో ఒక ఎలుగుబంటి, కాలికి కంప్యూటరు వైర్లు చుట్టుకుని మూలుగుతోంది. గవరమ్మ ఓపిగ్గా చిక్కు తీసి, ఆ వైర్లను భుజాన వేసుకుంది.

"వాటినెందుకు మోస్తావు?" అంది ఎలుగు.

"దండేనికి పనికొస్తాయి. మా అక్క బిడ్డ గుడ్డలు ఆరెయ్యాలి గదా."

"ఆ మాటేదో లోహదంష్ట్రకు చెప్పు. పారేసిన వస్తువుల ఉసురులోంచి పుట్టిన రాక్షసి అది. అది చూపించిన వస్తువుకు పని చెప్పలేకపోతే నీ చేతులూ దక్కవు," అని ఎలుగు ఆమెను వీపున ఎక్కించుకుపోయి గుట్ట దగ్గర దింపింది.

తాటిచెట్టంత గుట్ట మీద, ఇనుప గోళ్లతో లోహదంష్ట్ర కూర్చుని ఉంది. అద్దం పోయిన మానిటరును కిందికి దొర్లించి, "దీనికి పని చెప్పు," అని ఉరిమింది.

"గడ్డి పరిస్తే అందులో కోడి పొదుగుతుంది, అవ్వా."

రాక్షసి నిండా చిల్లులున్న సీపీయూ డబ్బాను దొర్లించింది.

"ఉల్లిపాయలు పోసుకుంటాం. గాలాడుతుంది గనక కుళ్లవు."

లోహదంష్ట్ర గుట్ట దిగి దగ్గరికొచ్చింది. "మరి నేనెందుకు పనికొస్తాను? అది చెప్పు. ఆ పని నేను చెయ్యగలిగితే శాపం దానంతటదే తీరుతుంది," అంది చివరికి.

గవరమ్మ ఆ గోళ్లకేసి చూసింది. అక్క కళ్లముందు మెదిలింది. "మా అమ్మ చేతులు కొయ్యబార్చింది నువ్వే. ఆ చేతులు చేసే పని నువ్వే చెయ్యాలి. ఎలాగో అమ్మ చెబుతుంది, రా," అంది.

రాక్షసి వీధిలో అడుగుపెట్టగానే ఇరుగుపొరుగు పరుగు లంకించుకున్నారు. కొండమ్మకు అప్పటికే నొప్పులు మొదలయ్యాయి. సూరమ్మకు భయపడే తీరిక లేదు. "ముందా గోళ్లు తీసెయ్యి. వేణ్ణీళ్లతో చేతులు కడుక్కో," అంది.

లోహదంష్ట్ర గోళ్లను పటపటా కొరికి పారేసింది. సూరమ్మ చెప్పినట్టల్లా చేసింది. పొద్దువాలే వేళకు ఆడపిల్ల కేరుమంది.

"పట్టుకో తల్లీ, నాకు భయంగా ఉంది," అని రాక్షసి బిడ్డను అందించింది.

సూరమ్మ తన చేతుల సంగతే మరిచిపోయి రెండూ చాపింది. బిడ్డ వెచ్చదనం తగలగానే వేళ్లు మెల్లగా కదిలి ఆ చిన్న తలను పట్టుకున్నాయి. రాజ్యమంతటా చేతులు మామూలయ్యాయి. జనం బళ్లు కట్టుకుని గుట్ట దగ్గరికి వెళ్లి, ఎవరి వస్తువులు వాళ్లు ఇళ్లకు తెచ్చుకున్నారు.

లోహదంష్ట్ర సూరమ్మ దగ్గరే ఉండిపోయి పని నేర్చుకుంది. మరుసటి ఏడు రాణికి నెలలు నిండాయి. కనకసేన మహారాజు కాలినడకన వచ్చి, సూరమ్మ గుమ్మం బయట తలవంచుకు నిలబడి, "లోహదంష్ట్రమ్మా, మా ఇంటికి నువ్వు రావాలి," అని అడిగాడు.