లేత చెట్టుకు నీళ్లు

"ఆ కుర్చీ నాది."

స్పానిష్ క్లాసులో మనీష గిరితో అన్న మొదటి మాట ఇదే. నల్గొండ గడియారం సెంటర్లో ఒక మందుల దుకాణం పైగది. ఆషాఢం వాన కిటికీ రెక్కల్ని బాదుతోంది. తడిసిన చున్నీ కొస పిండుకుంటూ నిలబడింది మనీష.

"కుర్చీ మీద పేరేం రాసిలేదు గదా," అన్నాడు గిరి.

"నిన్న గూడ నేను గీడనే కూసున్న."

"నిన్న క్లాసే లేదు. ఇయ్యాలే మొదలు."

మనీష నాలుక కరుచుకుంది. గిరి నవ్వు ఆపుకుని, కుర్చీ వదిలి, జల్లు పడే కిటికీ పక్కకు జరిగాడు. క్లాసు అయ్యేసరికి అతని భుజం ఒకటి పూర్తిగా తడిసిపోయింది. ఆ భుజం వైపు ఆమె మాటిమాటికీ చూసింది. చూస్తున్నదని తెలిసీ అతను బోర్డు వైపే చూశాడు. ఆ రోజు చెప్పిన పాఠం ఇద్దరికీ ఎక్కలేదు.

స్పానిష్ వస్తే హైదరాబాద్‌లో మంచి ఉద్యోగాలున్నాయని విని చేరారు ఇద్దరూ. గిరిది పానగల్ దగ్గర బత్తాయి తోట. మనీషది నల్గొండలోనే ఇల్లు, వాళ్ల బాపు లింగస్వామికి కిరాణా దుకాణం. డిసెంబర్లో పరీక్ష. పాఠం చెప్పే దశరథ్ సార్ ఇద్దరినీ ఒక జంట చేసి, రోజూ కలిసి మాట్లాడి నేర్చుకొమ్మన్నాడు. పాపం, సార్‌కు ఏమీ తెలియదు.

అంతా బాగానే సాగింది గానీ, నడుమ మారే క్రియల దగ్గర బండి ఆగింది. 'దొర్మీర్' అంటే నిద్రపోవడం. నేను నిద్రపోతాను అనాలంటే మాత్రం 'దుయెర్మో'. 'పొదేర్' అంటే చేయగలగడం. నేను చేయగలను అంటే 'పుయెదో'. ఏది మారుతుందో, ఏది మారదో కంఠతా పట్టాల్సిందే.

"గివి మనుషుల లెక్కనే ఉన్నయ్," అంది మనీష విసుగ్గా. "మంచిగున్నయ్ అనుకునేసరికి నడుమల మారుతయ్."

"నేను మారను."

"క్రియల గురించి చెప్తున్న. నీ గురించి ఎవలడిగిన్రు?"

గిరికి ఒక్క క్రియ మాత్రం నోరు తిరిగేది కాదు. 'కెరేర్'. కోరడం, ప్రేమించడం. నిన్ను ప్రేమిస్తున్నాను అనాలంటే 'తె కియెరో'. గిరి ప్రతిసారీ 'తె కెరో' అని ఆగిపోయేవాడు. మనీష సరిచేసేది. అతను మళ్లీ తప్పు చెప్పేవాడు. ఆమె మళ్లీ సరిచేసేది. అట్లా ఆ మాట అతనికన్నా ఆమే ఎక్కువసార్లు అంది. గిరికి కావలసిందీ అదే.

తోటలో సున్నం పూసిన బత్తాయి మొదళ్ల మీద గిరి బొగ్గుతో క్రియలు రాసుకున్నాడు. పొద్దున తోట తిరుగుతూ చదువుకునేవాడు. ఆ ఫోటోలు పంపితే మనీష నవ్వింది. కార్తీకంలో ఒక ఆదివారం స్కూటీ మీద తోటకే వచ్చింది.

చెట్ల ఆకులన్నీ వాలిపోయి ఉన్నాయి.

"గిట్ల వాడిపోయినయేంది? బోరుల నీళ్లు లేవా?"

"నీళ్లున్నయ్. మేమే బందు పెట్టినం," అన్నాడు గిరి. "కొన్ని దినాలు గిట్ల ఎండబెట్టాలె. మళ్ల నీళ్లిడిస్తే చెట్టు నిండ పూత వస్తది."

"పాపం గదా చెట్టుకు."

"పాపమే. గని గట్ల చెయ్యకుంటె పూత రాదు."

గిరి బాపు అంజయ్య తోట చివర కొత్తగా నాటిన మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. మనీష అటు చూసింది. "మరి వాటికి పెడుతున్నరేంది, పెద్దనాయినా?"

"లేత చెట్లు గదా బిడ్డా. వాటికి నీళ్లు ఆపొద్దు. పూత సంగతి దేవుడెరుగు, అసలుకే ఎండిపోతయ్."

వెళ్లేముందు మనీష స్కూటీ ఆపింది. "పూత వచ్చినంక నాకు తెచ్చి చూపెట్టాలె." తెస్తానన్నాడు గిరి.

పరీక్ష దగ్గర పడింది. మనీష చదువు కన్నా ఫోన్లో మాటలే ఎక్కువయ్యాయని గిరికి దిగులు పట్టుకుంది. తన వల్ల ఆమె ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాడు. పుట్టినప్పటి నుంచి తోటలో చూసిన పద్ధతే అతనికి తోచింది. నీళ్లు బందు పెట్టాలి. క్లాసుకు వెళ్లడం మానేశాడు. ఫోన్ ఎత్తడం మానేశాడు. ఫలితాలు వచ్చిన రోజు పూత తీసుకుపోయి, మనసులోని మాట చెప్పేద్దామనుకున్నాడు. ఎంత తెలివైన పని చేస్తున్నాననుకున్నాడో, వెర్రివాడు. ఆమె పేరు ఫోన్ మీద వెలిగినప్పుడల్లా ప్రాణం కొట్టుకులాడేది. అయినా పళ్లు బిగపట్టుకుని కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం వెంట వెంటనే ఫోన్లు వచ్చాయి. తర్వాత ఒక మెసేజ్. 'జరూరు మాట్లాడాలె.'

'పరీక్ష అయినంక,' అని కొట్టి పంపాడు గిరి.

తర్వాత ఆమె చేయలేదు. పరీక్ష నాడు కూడా, ఫలితాల దాకా ఆగుదామని, గిరి ఆమెకు ఎదురుపడకుండా రాసి వచ్చేశాడు.

ఇద్దరూ పాసయ్యారు. ఫలితాలు వచ్చిన రోజు తోటంతా తెల్లగా పూసి ఉంది. గిరి ఒక పూల రెమ్మను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బండి మీద నల్గొండ వచ్చాడు. కాలం కాని వాన సన్నగా పడుతోంది. మనీష క్లాసు బయట మెట్ల పైన నిలబడి ఉంది. అతను డబ్బా మూత తీసి ముందు పెట్టాడు.

ఆమె డబ్బా అందుకుని వాసన చూసింది. నవ్వబోయి ఆగిపోయింది. వేలికి కొత్త ఉంగరం ఉంది.

"సూర్యాపేట సంబంధం," అంది మెల్లగా. "పిలగాడు మంచోడే. ఉద్యోగం చేసుకోమన్నడు."

గిరి డబ్బా మూత పట్టుకుని ఉంగరం వైపే చూశాడు.

"ఆ దినం బాపు నన్ను కూసుండబెట్టి అడిగిండు. నీ మనసుల ఎవలన్న ఉంటె చెప్పు బిడ్డా, నేనే పోయి వాళ్లోళ్లతోని మాట్లాడుత అన్నడు. గది చెప్పుదామనే ఫోన్ చేసిన. పరీక్ష అయినంక అంటివి." ఆమె డబ్బాలోని పూత వైపు చూసింది. "ఎవ్వలు లేరు బాపూ అన్న."

"నువ్వు మంచిగ చదువుకోవాలెనని... పూతకు ముందు నీళ్లు బందు పెట్టినట్టు..." అన్నాడు గిరి. చెబుతుంటేనే సిగ్గేసింది.

మనీష అతన్ని అట్లాగే చూసింది. కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"మీ బాపు ఆ దినమే చెప్పిండు గద, గిరీ. లేత చెట్టుకు నీళ్లు ఆపొద్దని. నేను ఇన్న. నువ్వు ఇనలేదా?"

వాన జల్లు మెట్ల మీదికి కొట్టింది. గిరి అలవాటుగా జల్లు పడే వైపుకు జరిగాడు. భుజం తడవసాగింది. మనీష ఆ భుజం చూసి కళ్లు తుడుచుకుంది.

"తె కియెరో," అన్నాడు గిరి.

ఒక్క తప్పు లేకుండా వచ్చింది.

"ఈసారి కరెక్టే చెప్పినవ్," అంది మనీష. పూల రెమ్మ మాత్రం తీసుకుని, ఖాళీ డబ్బా అతని చేతికిచ్చింది. చున్నీ తల మీద కప్పుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. వెనక్కి చూస్తుందేమోనని అతను చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

తోటకు వచ్చేసరికి వానకు పూత చాలావరకు రాలిపోయింది. మొదళ్ల మీద బొగ్గు రాతలు కరిగి కారుతున్నాయి. గిరి మోటరు వేసి, తోట చివర లేత మొక్కల దగ్గరికి పైపు లాక్కుపోయాడు. ఒక్కొక్క మొదలు దగ్గరా కూర్చుని నీళ్లు పెట్టసాగాడు.

అంజయ్య గొంగడి కప్పుకుని వచ్చాడు. "వాన పడుతాంది గదరా. నీళ్లెందుకు?"

"పెట్టనీయ్, బాపూ," అన్నాడు గిరి తలెత్తకుండా.