మూగబోయిన డబ్బా

ఏసుకుమార్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనక గాయం. రక్తం రంపపు పొట్టులో ఇంకి నల్లబడింది.

కోడుమూరులో అతని స్పీకర్ల షాపు. రాత్రంతా పనుందన్న భర్తకు ఉదయం ఆరున్నరకు టీ తెచ్చిన ప్రసన్నకుమారి మొదట చూసింది.

ఎస్సై శిల్ప చుట్టూ చూసింది. ఆంప్లిఫయర్ ఉంది. రెండు పెద్ద స్పీకర్ డబ్బాలు ఉన్నాయి. సెల్‌ఫోన్ ఉంది. పనిముట్ల వరసలో సుత్తి మాత్రం లేదు.

"ఎవరితోనైనా గొడవలున్నాయా?"

"డీజే వ్యాను నరసన్నతో నిన్న మాటామాటా అయింది మేడమ్," అంది ప్రసన్న.

నరసన్నను పిలిపించారు.

"ఈ డబ్బాలు నాకే కావాలన్యా. చర్చికి ఇయ్యాలన్నాడు. తిట్టుకున్యాం. దానికే సంపుతానా మేడమ్?"

మృతుడి అన్న లేవి గుమ్మంలో నిలబడ్డాడు. షాపు ఇద్దరిదీ.

"రాత్రి నువ్వెక్కడున్నావు?" శిల్ప అడిగింది.

"నిన్న మధ్యాహ్నం కర్నూలు పోయినా, వైరుకు. ఇప్పుడే వస్తాండా." గొంతు తగ్గించాడు. "చర్చి పండగ ఈ పొద్దే. డబ్బాలు ఎక్కిస్తా మేడమ్. ఆటో వచ్చిండాది."

తమ్ముడి శవం ఇంకా నేలమీదే ఉంది.

శిల్ప అతన్ని ఒక్క క్షణం చూసింది. "ఒకసారి పాడించు శేషన్నా."

కానిస్టేబుల్ శేషన్న స్విచ్ వేశాడు. ఎడమ డబ్బా మోగింది. బేస్‌కు గుండెలు అదిరాయి. తర్వాత కుడిది. శబ్దం వచ్చింది గానీ, అడుగున ఆ బేస్ లేదు.

ప్రసన్న తలెత్తింది. "ఇది ఇట్ల మోగలేదు మేడమ్. నిన్న సాయంత్రం రెండూ ఇనిపిచ్చినాడు. అల్మారాలో గ్లాసులు అదిరినాయి."

రెండూ ఒకేరకం డబ్బాలు. మొదట గాలి చొరకుండా మూసినవి. బేస్ ఇంకా లోతుగా రావాలని ఏసుకుమార్ నిన్ననే రెండింటికీ రంధ్రం కోసి, లోపల పైపు పెట్టాడు.

శిల్ప ఎడమ రంధ్రం ముందు కాగితం పట్టింది. రెపరెపలాడింది. కుడి రంధ్రం ముందు కదల్లేదు.

"గాలి రావడంలేదు. పైపు మూసుకుపోయింది. శవం ఇక్కడుండగానే డబ్బాలు తీసుకుపోవాలని తొందరపడ్డావు. ఏం కుక్కావు లేవీ?"

లేవి అడుగు వెనక్కి వేశాడు. శేషన్న వాకిలికి అడ్డం నిలబడ్డాడు.

శిల్ప లాగితే పైపులోంచి చొక్కా బయటికొచ్చింది. రక్తపు మరకలు. మడతల్లో సుత్తి.

"మా బావ చొక్కా," అంది ప్రసన్న.

లేవి కుడి డబ్బా మీద చెయ్యి వేశాడు.

"రాత్రే కర్నూలు నుంచి వచ్చినా. మా నాయనా నేనూ చేసిన డబ్బాలు మేడమ్ అవి. సందు సందుకూ బంక పూసి బిగిచ్చినాం. నన్నడగకుండా కోసినాడు. అన్నా, ఇప్పుడిను అని నవ్వినాడు. శానా బాగా మోగింది. అదే ఓర్సుకోలేక సుత్తితో కొట్టినా. రక్తం చొక్కాతో వీధిలో పోలేక దాంట్లో కుక్కినా. చర్చి కాడ దింపినాక తీసేద్దామనుకున్యా."

ప్రసన్న అతని ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు బాగుందంటావని నిన్నంతా నీ కోసమే చూసినాడు బావా."

శిల్ప లేవి చేతులకు బేడీలు వేసింది.